శివారు సీమ – గోదావరి పంపకము

(కోనసీమయందలి యొక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన యుపన్యాస పాఠము)



ఇరుగుపొరుగు దేశములు తమకు ఉమ్మడియైన నదులను, సరస్సులను ఎట్లు పాలించుకొనుచున్నవో చెప్పుమని సభవారు నన్నాజ్ఞాపించిరి. విషయము పెద్దది. రైను నదిని గూర్చియు, సింధువును గూర్చియు, అమెరికా కెనడాల నడుమనున్న మహా సరస్సులను గూర్చియు ప్రొద్దు గ్రుంకువఱకు చెప్పవచ్చును. కాని గౌతమికిని వసిష్ఠకును సముద్రమునకును నడుమ నున్న యీ సీమలో నిలుచుండి పరుల నదులతో మొదలుపెట్టుట నాకు సమంజసముగా తోపలేదు. కావున మన యేటితోనే ప్రారంభించి, అవసరమైనంతవఱకే పరదేశములకు పోయి వచ్చెదను.

కాలువ క్రింద సేద్యము చేయువారికి శివారు అనుమాట కర్థము చెప్ప నక్కఱలేదు. తూము చెంతనున్న చేను ముందు తడియును. నీరు పంటబోదె వెంబడి దిగి దిగి చిట్టచివరి మడికి వచ్చునప్పటికి తెల్లవాఱును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఇందుకు ఎగువ రైతు దుష్టుడు కానక్కఱలేదు. అతడు గట్టును జానెడు తెగగొట్టి మఱచిపోయిన చాలును. లాకుల యొద్ద లస్కరును నిలిపినదియు, వంతులు పెట్టుకొన్నదియు, 1997లో చట్టము చేసి నీటి సంఘములను ఏర్పఱచినదియు ఈ జానెడు గట్టు కొఱకే. ఇప్పుడా బోదెను 1465 కిలోమీటర్ల పొడవునకు సాగదీసి చూడుడు. నాసికము చెంత త్ర్యంబకమున మొదలు. అంతర్వేదియు యానామును తుద. నడుమ మహారాష్ట్రము, తెలంగాణము కలవు. ఉపనదుల వెంబడి కర్ణాటకము, మధ్యప్రదేశము, ఛత్తీసుగఢము, ఒడిశా కలవు. పరీవాహ ప్రదేశములో దాదాపు సగము మహారాష్ట్రమునదే. మనము శివారు రైతులము.

యానామన్నంతనే యొక మాట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ యూరు 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ఎదుర్లంక రేవున పడవ యెక్కినవాడు గౌతమి దాటి పరరాజ్యమున దిగెడివాడు. అందుచేత రెండు రాజ్యముల నడుమ నది యెట్లుండునో కోనసీమ వారికి ఒకరు నేర్పవలసిన పని లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన కొలది యేండ్లకే, 1951 జులైలో, కృష్ణా గోదావరుల నీటిని పంచుటకై ఢిల్లీలో రాష్ట్రముల సమావేశము జరిగెను. గోదావరిలో భాగము గల ఒరిస్సాను దానికి పిలువలేదు. పిలువబడనివాడు ఆ పంపకమునకు తాను బద్ధుడను కానన్నచో తప్పు పట్టుటెట్లు? పిమ్మట 1953లోను 1956లోను రాష్ట్రముల యెల్లలే మాఱిపోయినవి. పాత కాగితములు పాతవాయెను. తుదకు 1969 ఏప్రిల్ 10న బచావత్ గారి యధ్యక్షతను రెండు నదులకును ట్రైబ్యునళ్లు వెలసినవి. కృష్ణ విషయమున వాదములు విని తీర్పు చెప్పవలసి వచ్చినది. ఆ తగవు నేటికిని చల్లాఱలేదు. గోదావరి కథ వేఱు తోవ పట్టెను. 1975 మొదలుకొని రాష్ట్రములు ఇద్దఱిద్దఱుగా, ముగ్గురు ముగ్గురుగా కూర్చుండి, ఏ స్థలమువఱకు ఎవ్వరు ఎంత వాడుకొనవలయునో తమలో తాము వ్రాసికొని, ఆ యొడంబడికలను ట్రైబ్యునలు ముందుంచిరి. 1980 జులై 7 నాటి తుది యుత్తర్వునకు ఆ కాగితములే ప్రాణము. దేశమున పెద్ద నదులలో ఇట్లు పొరుగువారి సంతకములమీద నిలిచిన పంపకములు అరుదు. మనవారు దీనిని తగినంతగా చెప్పుకొనలేదని నా యభిప్రాయము.

సంతకము చేయుట యొకటి, నడపుట యొకటి. 1975 అక్టోబరు 6 నాటి యొడంబడిక ననుసరించి, పైఠను మొదలైన ఆనకట్టలకు దిగువను, పోచంపాడునకు ఎగువను మహారాష్ట్రము క్రొత్త పథకములకు 60 టీఎంసీలు వాడుకొనవచ్చును. టీఎంసీ యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. ఈ హక్కును పురస్కరించుకొని వారు నాందేడు జిల్లాలో బాభళి యను చోట బ్యారేజీని కట్టిరి. అది శ్రీరామసాగరము నీరు వెనుకకు తన్ని నిలుచు మేరలోనే యుండుటచే నాటి ఆంధ్రప్రదేశము 2006లో సుప్రీంకోర్టు కెక్కెను. సభలలో నినాదములు, సరిహద్దున అరెస్టులు, పత్రికలలో నిప్పులు! 2013 ఫిబ్రవరి 28న కోర్టు తీర్పు చెప్పినది. బ్యారేజీ నిలిచినది, కాని దాని నిలువ 2.74 టీఎంసీలకు మించరాదు. జులై 1 నుండి అక్టోబరు 28 వఱకు దాని గేట్లు ఎత్తియే యుండవలెను; ఏటేట మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు విడువవలెను. ఇది జరుగుచున్నదో లేదో చూచుటకు కేంద్ర జలసంఘము వారొకరు, రాష్ట్రమునకొకరు చొప్పున ముగ్గురి సంఘము.

ఆ తీర్పు న్యాయమా కాదా యని నేటికిని వాదించువారున్నారు. నేను చూచునది వేఱు. ఏటేట జులై 1న ఇరు రాష్ట్రముల యింజనీర్లును, కేంద్ర జలసంఘము వారును ఆ పదునాలుగు గేట్ల యొద్ద కలిసి నిలుచుండి, వానిని ఎత్తించి, నీటిమట్టము వ్రాసికొని సంతకములు పెట్టుదురు. ఆ దినమున మహారాష్ట్రములో ఎవరి ప్రభుత్వమున్నదో, హైదరాబాదులో ఎవరి ప్రభుత్వమున్నదో గేటున కక్కఱలేదు. దినము నిర్ణయమైయున్నది, చూచు కన్నులు ఇరుపక్షములవియు నున్నవి. మన యూరి వంతులలో కూడ తగవు వచ్చునది నీరెంత యనుచోట కాదు గదా, ఎప్పుడు విప్పిరి, ఎవరు చూచిరి యనుచోటనే.

బాభళి మనకు దూరము. మనకు అన్నము పెట్టుచున్న మఱియొక యొడంబడిక కలదు. దానిపేరు ఈ సభలో పలువురు విని యుండకపోవచ్చును. సార్వా పంటకు గోదావరి కొదువ చేయదు. ఎక్కువ పెట్టియే ముంచును. దాళ్వా మాట అట్లు కాదు. సంక్రాంతి దాటిన పిమ్మట నది సన్నగిల్లును. వరి పొట్ట పోసికొను దినములలో ధవళేశ్వరమునకు వచ్చు నీటిలో పెద్దపాలు సీలేరు నీరే. ఆ నీరెక్కడిది? ఒడిశా ఆంధ్రముల సరిహద్దు కొండలలో మాచ్‌ఖండ్ అను ఏఱు పుట్టి, సీలేరను పేర దిగి, శబరిలో గలిసి, కూనవరము కడ గోదావరిని చేరి, పాపికొండల నడుమనుండి మన లాకులకు వచ్చును. ఆ యేటిమీద మొదటి యుమ్మడి పనికి మదరాసు ఒరిస్సా ప్రభుత్వములు బ్రిటిషువారి తుదిదినములలోనే యొప్పుకొనినవి. జలాపుట్ వద్ద ఆనకట్ట, డుడుమ జలపాతము వద్ద విద్యుత్కేంద్రము. 1955లో దీపము వెలిగినది. భాగములు తొలుత మనకు నూటికి 70, వారికి 30, పిదప సరిసగము. దిగువను బలిమెల జలాశయమునకు 1962లో మఱల ఒడంబడిక. నీరు చెఱి సగము. బలిమెల యానకట్ట ఒడిశా నేలమీద నున్నది. అందులోని సగము నీరు ఆంధ్రమునది. ఇంత పెద్ద సరస్సును ఇరువురు పంచుకొని, అరువది యేండ్లకు పైగా లెక్కలు వ్రాసికొనుచు, ఎవరి వాడుక ఎంతయైనదో, ఎవరికెంత మిగిలినదో ఇంజనీర్లు కూర్చుండి సరిచూచుకొనుచున్నారు. దీనిమీద పాట లేదు, ఊరేగింపు లేదు. అమలాపురము కాలువ క్రింద మార్చినెలలో తడిసిన ప్రతి చేనును ఆ లెక్కల పుస్తకమునకు ఋణపడియున్నది.

అందులోను ఒక చిక్కు కలదు. జలాశయమును నడపునది విద్యుత్తువారు. వారికి నీరనగా దీపము. మనకు నీరనగా వరి. దీపముల కక్కఱ లేని వేళకూడ నీరు విడువుడని నీటిపారుదల శాఖవారు విన్నవించుకొనవలసి వచ్చును. ఆ విన్నపము ఆలస్యమైన యేట మన శివారు ఊళ్లలో నేల నెఱ్ఱెలు విచ్చును. రెండు రాష్ట్రముల నడుమ కుదిరిన లెక్క ఒక రాష్ట్రములోని రెండు శాఖల నడుమ తప్పుట విడ్డూరము కాదా?

ఇంతవఱకు ఒక దేశములోని మాట. తగవు ముదిరినచో ఢిల్లీలో సుప్రీంకోర్టు కలదు. అట్టి కోర్టు తలమీద లేని వేర్వేఱు రాజ్యములు ఏమి చేసినవి?

ఐరోపాలో రైను నది స్విట్జర్లాండు కొండలలో పుట్టి, జర్మనీ ఫ్రాన్సుల సరిహద్దు వెంబడి పాఱి, హాలెండులో సముద్రమున కలియును. హాలెండు సముద్రముకంటె పల్లమైన నేల. గట్లమీదను, మురుగుకాలువల మీదను బ్రదుకు సీమ. మన రాజోలు వాడొకడు అక్కడ దిగినచో ఇంటికి వచ్చినట్లే యుండును. రైను మీద పడవలు నిరాటంకముగా నడుచుటకై 1815లోనే వియన్నా సభలో రాజ్యములన్నియు కలిసి యొక సంఘమును పెట్టుకొనినవి. అది నేటికిని నడుచుచున్నది. కాని పడవ పోవుట వేఱు, నీరు త్రాగుట వేఱు. ఫ్రాన్సులోని ఆల్సేసు పొటాషు గనులవారు ఏండ్ల తరబడి ఉప్పును రైనులో పాఱబోసిరి. దిగువను హాలెండులో పూలును కూరలును పండించు తోటమాలులకు తోటలు చెడినవి. అందొకరు ఆ గనులమీద దావా వేయగా, గనులవారు ఫ్రాన్సుకు వచ్చి వాదించుకొనుమనిరి. 1976 నవంబరులో ఐరోపా న్యాయస్థానము, హాని జరిగిన చోటి కోర్టులో కూడ దావా వేయవచ్చునని తీర్పు చెప్పెను. శివారు వాడు తన యూరి కచేరిలోనే ఎగువ వానిని నిలబెట్టవచ్చునన్నమాట! ఉప్పునీటి చవి యెఱిగిన మనకు దీని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

అంతకన్న విచిత్రము తరువాతి నెలలో జరిగినది. ఆ ఉప్పును తగ్గించుటకు బాను నగరమున కుదిరిన యొప్పందములో, ఖర్చు నూటికి 30 ఫ్రాన్సు, 30 జర్మనీ, 6 స్విట్జర్లాండు భరింపగా, నష్టపడుచున్న హాలెండు 34 భరించుటకు ఒప్పుకొనెను. అన్యాయమే. కాని డచ్చివారు లెక్క తెలిసినవారు. తగవు గెలిచి ఉప్పునీరు త్రాగుటకంటె డబ్బిచ్చి మంచినీరు త్రాగుట మేలనుకొనిరి. ఆ యొప్పందము అమలునకు వచ్చుటకు 1985 వఱకు పట్టినది. కావున వారి తోవ నల్లేరుమీద బండి కాదు.

మఱుసటి యేడు 1986. మనకది మఱవరాని సంవత్సరము. ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75 అడుగులు దాటి, ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులు పాఱి, లంకలను తుడిచిపెట్టినది. అదే యేడు నవంబరు 1న స్విట్జర్లాండులో బాజిలు నగరము చెంత సాండోజ్ కంపెనీ గిడ్డంగి తగులబడి, మంటలార్పిన నీటితోకూడ విషమందులు రైనులో కలిసెను. నది యెఱ్ఱబాఱి చేపలు లెక్కకు మిక్కిలిగా చచ్చినవి. అప్పటికే 1950 నుండి కాలుష్యమును గూర్చి యొక ఉమ్మడి సంఘముండెను. మాటలే తప్ప చేతలు తక్కువ. ఆ మంటతో మేలుకొని 1987లోనే కార్యక్రమము వ్రాసికొనిరి. కనుమఱుగైన సాల్మను చేప మరల రైనులోనికి రావలెనని గుఱి పెట్టుకొనిరి. చేప వచ్చినది కూడ. నేడు ఎగువను విషము పడినచో దిగువ నగరములకు వెంటనే కబురు పోవుటకు నది పొడవునను హెచ్చరిక కేంద్రములున్నవి.

అమెరికా కెనడాల మాట రెండు వాక్యములలో ముగించెదను. 1909 నాటి సంధి ప్రకారము ఇటు మువ్వురు అటు మువ్వురు సభ్యులుగా నేర్పడిన సంఘము వారి సరస్సుల మట్టములను నేటికిని చూచుచున్నది. జనములో పెద్దదైన అమెరికాకు ఒక్క ఓటైనను ఎక్కువ లేదు. ఆ సంధిపై కెనడా పక్షమున సంతకము చేసినది బ్రిటను ప్రభుత్వమని చదివినపుడు మన పాత దినములు జ్ఞప్తికి రాకమానవు.

సింధు సంధి వేఱు జాతిది. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ గారును అయూబు ఖానును సంతకములు చేసిరి. తూర్పు నదులు మూడు మనకు, పడమటి నదులు మూడు వారికి. అది 1965, 1971 యుద్ధములకును తట్టుకొని నిలిచినది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ పిమ్మట మన ప్రభుత్వము దానిని నిలిపియుంచినది. దాని మంచిచెడ్డలు వేఱు సభకు విషయములు. అది నదులను విడదీసిన పంపకము. అన్నదమ్ములు ఇల్లు పంచుకొని నడుమ గోడ కట్టుకొన్నట్టిది. గోదావరికి అట్టి గోడ కట్టుటకు వీలులేదు. ఒకే యేఱు, ఒకరి తరువాత ఒకరు.

ఇక ఇంటికి వత్తము. నేడు గోదావరిని గూర్చి ఏ సభలో విన్నను ఒక మాట వినబడుచున్నది: "సముద్రములో వృథాగా కలియుచున్న నీరు." మంచి వానలు గల యేట మూడువేల టీఎంసీలకు మించి నీరు కడలి చేరుట నిజమే. ఆ నీటిని కృష్ణకును, పెన్నకును, కావేరికిని మళ్లించు ఆలోచనలు సాగుచున్నవి. 2025లో బనకచర్ల పథకముపై ఆంధ్ర తెలంగాణములు మఱల ఢిల్లీ మెట్లెక్కినవి. కరవు సీమలకు నీరీయరాదని నేననను. రాయలసీమ రైతు మనకు పరుడు కాడు. కాని వృథా యను మాటను మాత్రము కోనసీమవాడు ఊరక విని యూరకుండరాదు. ఎఱ్ఱనీరు సముద్రమును తన్నుకొని పోవుటవలననే వైనతేయలోను వసిష్ఠలోను ఉప్పు వెనుకకు తగ్గుచున్నది. మన బావులు తియ్యగా నున్నవి. ఒండ్రు వచ్చి తీరము నిలుచుచున్నది. పుస్తెలమ్మియైన తినవలెనని మనవారు చెప్పుకొను పులస, సముద్రమునుండి ఆ యెఱ్ఱనీటికే ఎదురీది వచ్చుచున్నది. రైను వారు సాల్మను చేపను గుఱి పెట్టుకొన్నట్లు మనము పులసను పెట్టుకొన్నచో ఎవరు నవ్వుదురో చూతము.

వఱదను గూర్చి అడుగవలసినదియు కలదు. ధవళేశ్వరమున 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. 2022 జులైలో భద్రాచలమున నీరు 71 అడుగులు దాటినపుడు మన లంకలవారికి ఒకటి రెండు దినముల వ్యవధి దొరకినది గదా యందురు. చాకలిపాలెము కాజ్‌వే మునుగుటకు ఆ వ్యవధి యక్కఱలేదు. మొదటి హెచ్చరికకు ముందే మునుగును. ప్రాణహితలో, ఇంద్రావతిలో, శబరిలో ఎగువ రాష్ట్రములవారు చూచిన మట్టము అదే గంటలో మన గ్రామ సచివాలయపు గోడమీదకి రావలెను. నీటిని పంచుకొనుట కష్టము కావచ్చును. కబురు పంచుకొనుటకు ఎవరి వాటా తఱుగును?

మనము అడుగుటయే గాని ఈయవలసినది లేదా? ఉన్నది. పోలవరము పూర్తియైనచో దాళ్వాకు నిలువ నీరు దొరకును. సీలేరు వైపు చూచి నిట్టూర్చుట తగ్గును. పట్టిసీమ 2015 నుండి కృష్ణకు నీరు తోడుచున్నది. పోలవరమునుండి కృష్ణకు 80 టీఎంసీలు మళ్లించునపుడు ఎగువ కృష్ణలో మహారాష్ట్ర కర్ణాటకములకు 35 చెందవలెనని బచావత్ ఉత్తర్వులోనే కలదు. ఇవి రాష్ట్రముల లెక్కలు. కాని 150 అడుగుల మట్టమున ఆ జలాశయము నిండిననాడు మునుగునవి కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు సీమల యూళ్లు. ఇల్లు వాకిలి విడువవలసిన కుటుంబములు లక్షకు పైబడి యున్నవని ప్రభుత్వపు లెక్క. అందు కోయలు, కొండరెడ్లు అనేకులు. ఒడిశా ఛత్తీసుగఢములు తమ యూళ్లు మునుగునని కోర్టులలో నున్నవి. ఎగువవాడు గట్టు తెగగొట్టిన మనము గగ్గోలు పెట్టుదుము; ఇచట మన మడి తడియుటకు ఎగువవాని యిల్లే మునుగుచున్నది. వారికి పరిహారము ముందు, నీరు తరువాత యని చెప్పుటకు అందఱికంటె ముందు నోరు తెఱవవలసినది డెల్టా వాడు. ఆ మాట మననుండి గట్టిగా వినబడలేదు.

2014 విభజన చట్టము గోదావరికి ఒక యాజమాన్య మండలిని ఇచ్చినది. 2021 జులై 15న కేంద్రము దాని పరిధిని గెజిటులో ప్రకటించి, ప్రాజెక్టులను మండలి చేతికి అప్పగింపుడని గడువు పెట్టినది. గడువు దాటినది, అప్పగింత కాలేదు. ఇరు రాష్ట్రములకును తమ తాళపుచెవి మీద మక్కువ. మండలిలో కూర్చుండువారు ఉద్యోగులు, సమర్థులే. కాని సముద్రపు ఉప్పు పడు చేను వారిలో ఎవరిదియు కాదు. పంపకములో ధవళేశ్వరము దిగువకు వేసవిలో, కాలువలు కట్టివేసిన దినములలో, ఏటి పాయలలోనికి ఇంత నీరు విడువవలెనని బాభళి మార్చి 1 వంటి దినమొకటి మనకు వ్రాసియీయవలెను. దానిని అడుగుటకు ముందు మన యింటిలోని లెక్క తేలవలెను: రొయ్యల చెఱువుల ఉప్పునీటిని పొరుగువాని వరిచేనిలోనికి వదలుచు, మహారాష్ట్రమును నిందించుటకు మనకు నోరు చాలదు.

దాళ్వాకు నీరెంత, వంతులెట్లు అని నిర్ణయించుటకు ఏటేట జిల్లాలో నీటిపారుదల సలహామండలి కూడుచున్నది. నీటి సంఘములవారు పోవుదురు, పెద్దలు మాటలాడుదురు, టీ త్రాగి వత్తురు. ఈసారి పోవువారు ఒక్కటి కోరుడు. బలిమెలలో ఆనాటికి ఆంధ్రపు వాటా ఎన్ని టీఎంసీలు మిగిలినదో, మార్చినెల తుదివఱకు దినమునకెంత విడుతురో, ఆ రెండంకెలను తెలుగులో చదివించి, సభా వృత్తాంతములో వ్రాయించి, ప్రతిని ఈ పఠనమందిరమునకు పంపింపుడు. మేమిచట గోడకు తగిలించెదము.